దాటని నిరుడు

బేతియా పెట్టె అడుగున ముందు బూట్లు పెట్టింది. వాటి మీద నూనెగుడ్డ ఏప్రన్, దాని మీద ఉన్ని మేజోళ్ళు, పాత పావడాలు రెండు. చేపలు కోసే పొట్టి కత్తిని ఫ్లానెల్ ముక్కలో చుట్టి ఒక మూలకి దోపింది. అత్త గ్రిజెల్ పొయ్యి పక్కన పీట మీద కూర్చుని పిండి సంచులు చింపి పీలికలు చేస్తోంది. దూరాన దక్షిణాన ఉన్న యార్మత్ రేవులో హెర్రింగ్ చేపలు కోసే ఆడవాళ్ళు వేలువేలుకీ ఆ పీలికలు చుట్టుకుంటారు. లేకపోతే కత్తి గాట్లలోకి ఉప్పు దిగి చేతులు పుళ్ళు పడిపోతాయి. అక్టోబరు వచ్చిందంటే పీలికలు చింపే పని గ్రిజెల్‌దే.

ఎప్పుడూ తల వంచుకుని చింపేది. ఈసారి మాత్రం చూపు పెట్టె మీదినుంచి తిప్పుకోలేకపోతోంది.

నీలం గౌను లోపలికి వెళ్ళింది. ఆదివారం చర్చికి కావాలి కదా అనుకుంది గ్రిజెల్. చలికాలపు శాలువా వెళ్ళింది. యార్మత్‌లో మాత్రం చలి ఉండదా ఏమిటి అనుకుంది. ఆ తరవాత బేతియా పీట ఎక్కి, పొయ్యి పైన అరుగు మీద ఎదురెదురుగా కూర్చున్న రెండు పింగాణీ కుక్కల్నీ కిందికి దించింది. అవి ఆమె పుట్టింటినుంచి తెచ్చుకున్నవి. ఒక్కొక్కదాన్నీ మేజోడులో దూర్చి, శాలువా మడతల్లో జాగ్రత్తగా పడుకోబెట్టింది.

గ్రిజెల్ చేతిలో గుడ్డ సగం చిరిగి ఆగిపోయింది.

"కుక్కలెందుకే? అక్కడ చేపలకి కాపలాకా?"

"నావే కదత్తా."

"నీవి కావని ఎవరన్నారు? ఆ గాడిదల బండిలాంటి రైల్లో పగిలిపోతాయని అంటన్నాను."

"పగలవు. మెత్తగానే చుట్టాను."

అరుగు మీద కుక్కలు ఉన్నచోట మసి అంటని గుండ్రటి మచ్చలు రెండు మిగిలాయి. గ్రిజెల్ లేచి తడిగుడ్డతో అరుగంతా తుడిచింది. మసి పోయింది గానీ మచ్చలు అలాగే ఉన్నాయి.

ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. గ్రిజెల్ కొడుకు ఆండ్రా బేతియాని పెళ్ళాడి పద్నాలుగు నెలలు కాపురం చేశాడు. ఒక ఫిబ్రవరిలో తీరం దగ్గరి చిన్న వేటకి వెళ్ళిన 'ప్రావిడెన్స్' పడవ తిరిగి రాలేదు. అందులో నలుగురు. ఒడ్డుకి ఒక తెడ్డు కొట్టుకొచ్చింది, మనుషులు రాలేదు. బేతియా కడుపున కాయ కాయలేదు. పుట్టింటికి పోతుందనుకున్నారు ఊళ్ళో. పోలేదు. చేపలు కొయ్యడానికి వేసవిలో లెర్విక్, అక్టోబరులో యార్మత్, మిగతా కాలం అత్త పక్కన కూర్చుని గాలాలకి ఎర గుచ్చడం. అలా గడిచిపోయింది.

ఎన్నాళ్ళు గడిచిందని ఎవరూ అడగరు. వాళ్ళ ఊరు స్కార్‌నెస్‌లో ఏళ్ళకి అంకెలు లేవు. పడవ ఎక్కే మనుషుల్ని లెక్కపెట్టకూడదు, వలలో చేపల్ని లెక్కపెట్టకూడదు, పోయినవాళ్ళు పోయి ఎన్నేళ్ళయిందో అసలే లెక్కపెట్టకూడదు. లెక్కపెడితే సముద్రం చెవిన పడుతుంది. అందుకని వాళ్ళకి మూడు మాటలే ఉన్నాయి. నిరుటిని ఫెర్న్‌యీర్ అంటారు. అటునిరుటిని ఫోర్‌ఫెర్న్‌యీర్ అంటారు. దానికి వెనక ఉన్నదంతా లాంగ్‌సైన్, అంటే ఏనాడో. ముత్తాత చిన్నతనమైనా సరే, మొన్నమొన్న పిల్లాడికి పళ్ళు వచ్చిన ఏడైనా సరే, రెండేళ్ళు దాటాక అన్నీ ఒకే గంపలో పడతాయి. బడిలో పంతులమ్మకి ఆ మాటలు గిట్టవు. పిల్లల నోట వస్తే తోలుపట్టీతో అరచేతులు వాయించేది. పిల్లలు బడిలో ఒక లెక్క, ఇంట్లో ఒక లెక్క నేర్చుకున్నారు.

సముద్రం తీసుకుపోయి ఒడ్డుకి ఇవ్వని మనిషిని మాత్రం ఆ 'ఏనాడో'లోకి కాలం దానంతట అది తోసెయ్యదు. ఇంట్లో మనిషి దాటించాలి. లోకమంతా జనవరి ఒకటిన కొత్త సంవత్సరం చేసుకుంటే స్కార్‌నెస్ పాత లెక్క పట్టుకుని పన్నెండున ఆ పండగ చేసుకుంటుంది. ఆ పొద్దున తలుపు బార్లా తీసి, ఇంటి పెద్దావిడ పొయ్యి ముందు నిలబడి పోయినవాడి పేరు చెప్పి "లాంగ్‌సైన్" అంటుంది. గడప బయట నిలబడ్డ ఇరుగుపొరుగు ఆ మాటే తిరిగి అంటారు. అంతే. తరవాత ఓట్స్ రొట్టె, టీ, మగవాళ్ళకి తలో గుక్క విస్కీ. ఆనాటినుంచి పోయినవాడి కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చు, అతని పేరు పుట్టిన బిడ్డకి పెట్టుకోవచ్చు, అతని భార్య మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు. దాటించకుండా చేసుకుంటే పాదిరిగారు అడ్డు చెప్పరు, చట్టమూ అడ్డు చెప్పదు. కానీ ఆ పెళ్ళికి ఊళ్ళో ఒక్కరూ రారు. ఆ మొగుడు పొద్దున్నే ఎదురైతే జాలరి వెనక్కి తిరిగి ఇంటికి పోతాడు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆ పొద్దుకి ముందు ఆ మాట అనకూడదు. అంటానని మాట ఇవ్వడం కూడా అన్నట్టే. ఇల్లు తన మనుషుల్ని తొందరపడి వదిలేసుకుంటోందని తెలిస్తే సముద్రం ఇంకొకరి కోసం చెయ్యి చాస్తుంది.

ప్రావిడెన్స్‌లో పోయిన మిగతా ముగ్గుర్నీ వాళ్ళ తల్లులు సమయానికే దాటించారు. పొరుగింటి ఎల్స్‌పెట్ తన చిన్నకొడుకుని దాటించి, మూడు రోజులు మంచం మీదినుంచి లేవలేదు, నాలుగో రోజు లేచి చేపలమ్మడానికి పోయింది. అదే పొద్దున జనం గ్రిజెల్ గడపకి కూడా వచ్చి నిలబడ్డారు. గ్రిజెల్ వాళ్ళకి వీపు చూపించి పొయ్యిలో బొగ్గులు ఎగదోస్తూ, "నిరుడే కదా మావాడు పోయింది," అంది. జనం ముఖాలు చూసుకుని వెళ్ళిపోయారు. మరుసటేడూ అదే మాట. ఆ పై ఏడు గడపకి వచ్చింది ఇద్దరే. ఊళ్ళో అందరికీ ఆండ్రా ఏనాడో దాటిపోయాడు. గ్రిజెల్ ఇంట్లో మాత్రం ఎప్పుడూ నిరుడే పోయాడు.

మొండితనం కాదు, అది భయం. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చిన్నవయసులోనే ఆమె మొగుణ్ణి సముద్రం తీసుకుంది. అందరూ చెప్పినట్టే వేళకి దాటించింది. దాటించిన ఏడాదిలోనే ఆయన గొంతు మరిచిపోయింది. ముఖం గుర్తుంది, నడక గుర్తుంది, గొంతు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఆండ్రా గొంతు ఇంకా ఉంది. పొద్దున్నే తలుపు తీస్తే, "గాలి ఎటుందమ్మా?" అని వెనకనుంచి వినిపిస్తుంది. ఆ మాట అన్నదంటే అదీ పోతుంది.

పెట్టె నిండింది. బేతియా మూత వెయ్యకుండా దాని అంచు మీద కూర్చుంది.

"అత్తా, ఒక మాట అడుగుతాను. కోప్పడకు."

"కోప్పడొద్దన్నావంటే కోపం వచ్చే మాటే."

"హెక్టర్ మోవట్ సంగతి నీకు తెలుసు."

తెలుసు. విక్ ఊరి మనిషి. పీపాలు కట్టే పని. చేతులు పెద్దవి, మాట తక్కువ. లెర్విక్‌లో రెండు వేసవులు బేతియా పక్కనే పని చేశాడు. ఒకసారి ఇంటికి వచ్చి, టీ తాగి, కప్పు కడిగిపెట్టి వెళ్ళాడు. కప్పు కడిగే మగవాణ్ణి గ్రిజెల్ చూడ్డం అదే మొదలు.

"ఆ పీపాలాయన," అంది గ్రిజెల్.

"మన రేవులో ఉప్పుచేపల షెడ్డుకి పీపాలు కట్టేవాడు కావాలట. ఇక్కడికే వస్తానంటన్నాడు. మూడిళ్ళ అవతల బార్బరా ముసలమ్మ ఇల్లు ఖాళీగానే ఉంది. అక్కడుంటాం. పొద్దున్న నీ పొయ్యి నేనే వెలిగిస్తాను, ఇప్పుడు వెలిగిస్తున్నట్టే. నిన్ను వదిలి పోవడం లేదత్తా."

గ్రిజెల్ పీలికలు మడతపెడుతోంది.

"కానీ నువ్వు ఆండ్రాని దాటించకపోతే ఈ ఊళ్ళో మమ్మల్ని ఉండనివ్వరు. హెక్టర్ పొద్దున్నే రేవుకి పోతాడు, పడవలన్నీ వెనక్కి తిరుగుతాయి. నాకు ముప్పై వస్తన్నాయి. నాకూ ఒక బిడ్డ కావాలని ఉంది."

"అంకెలు చెప్పకు."

"సరే, చెప్పను. వచ్చే పాత పండగనాడు దాటిస్తానని ఒక్క మాట చెప్పు. సీజను అయిపోగానే అందరితో వచ్చేస్తాను."

"అలా ముందుగా చెప్పకూడదని తెలీదా నీకు?"

"ఆ మాట అనమనడం లేదు. అంటానని చెప్పమంటన్నాను."

"రెండూ ఒకటే."

"మా పుట్టింటివైపు ఇలాంటివేమీ లేవు."

"మీ పుట్టింటివైపు బంగాళదుంపలు తవ్వుకుంటారు. దుంపలు మనుషుల్ని ఎత్తుకుపోవు."

బేతియా నవ్వలేదు. మామూలుగా అయితే నవ్వేది. "ఇప్పటికి ఎన్ని పండగలు పోయాయత్తా?" అని అడిగింది మెల్లిగా.

"నిరుడే కదా వాడు పోయింది," అంది గ్రిజెల్. చెప్పాక ఆ మాట తన చెవులకే ఎబ్బెట్టుగా వినిపించింది.

బేతియా లేచి పెట్టె మూత వేసింది. తాడు కట్టడానికి ఇద్దరు కావాలి. గ్రిజెల్ మోకాలు మూత మీద ఆనించి నొక్కితే, బేతియా ముడి బిగించింది.

మర్నాడు బండివాడు వచ్చి వీధిలో పెట్టెలన్నీ ఎక్కించుకుని స్టేషనుకి తోలుకుపోయాడు. ఆ మర్నాడు బుధవారం. అమ్మాయిలు ముగ్గురేసి, నలుగురేసి చేతులు పట్టుకుని, నడుస్తూనే మేజోళ్ళు అల్లుకుంటూ, పాటలు పాడుకుంటూ స్టేషనుకి బయల్దేరారు. బేతియా గడప దగ్గర అత్త బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఒక్క క్షణం ఆగి చూసింది. ఆమె ఎందుకు ఆగిందో గ్రిజెల్‌కి తెలుసు.

"మెడకి గుడ్డ చుట్టుకో, గాలి ఈశాన్యంలో ఉంది," అంది.

"చుట్టుకుంటానత్తా," అంది బేతియా. వెళ్ళిపోయింది.

ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయినట్టనిపించింది. ప్రతి అక్టోబరులోనూ ఖాళీ అయ్యేదే. కానీ ఎప్పుడూ ఆ ఖాళీకి రెండు పింగాణీ కుక్కలు కాపలా ఉండేవి. గ్రిజెల్ ఒక గిన్నె చాలే చోట అలవాటుగా రెండు గిన్నెల సూపు కాచింది. రెండోది మర్నాడు తాగింది. పిల్లికి చేప తల వేసి దానితోనే మాట్లాడింది. అది తల తిని వెళ్ళిపోయింది.

రెండు వారాలకి ఆమె నిర్ణయించుకుంది. అలా నిర్ణయించుకున్నది ఒక ఆదివారం, చర్చినుంచి తిరిగి వస్తూ, బార్బరా ముసలమ్మ ఇంటి ముందు. కిటికీ అద్దం పగిలి ఉంది. గోడ తడికి ఉబ్బింది. వసంతం దాకా ఇలాగే ఉంటే మనుషులు ఉండడానికి పనికి రాదు అనుకుంది. అనుకున్నాక, తను ఏమి అనుకుందో ఆమెకే అర్థమైంది. పండగ పొద్దున దాటిస్తాను. గొంతు పోతే పోతుంది. మూడిళ్ళ అవతల మనిషి ఉంటుంది.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తాళంచెవి అడిగి తీసుకుని, ఆ ఇంట్లో పొయ్యి వెలిగించింది. అద్దం ఉన్నచోట అట్ట కొట్టింది. రోజూ పొద్దున్నే తన పొయ్యి వెలిగించి, బొగ్గుల బకెట్ పట్టుకుని ఆ ఇంటికి పోయేది. ఎల్స్‌పెట్ ఊరుకునే మనిషి కాదు. ఊళ్ళో సగం మంది ఇంటిపేరు ఫ్లెట్టే కాబట్టి అందరికీ మారుపేర్లున్నాయి. ఎల్స్‌పెట్‌ని పిచ్చుక అంటారు, ఒక్క గడప మీదా ఎక్కువసేపు వాలదని.

"ఏమే గ్రిజెల్, రెండో కాపురం పెట్టావా?" అంది గుమ్మంలోంచి తొంగిచూసి.

"ఇల్లు పాడైపోతోందని."

"బార్బరా ఉన్నప్పుడు లేని ప్రేమ ఇప్పుడెందుకో."

"నీ పని నువ్వు చూసుకోవే పిచ్చుకా."

ఎల్స్‌పెట్ పొయ్యి వంక చూసింది, గ్రిజెల్ వంక చూసింది, వెళ్ళి ఒక బకెట్ బొగ్గులు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయింది.

నవంబరు నాలుగో వారంలో ఉత్తరం వచ్చింది. గ్రిజెల్ బడికి పోలేదు. షెడ్డులో పీపా మూతల మీద కొట్టే ముద్రలు చూసి అక్షరాలు పట్టుకుంది. ఆ తరవాత సరుకులు చుట్టి ఇచ్చిన పాత పేపర్లు, ఆ తరవాత బైబిలు. చదవడానికి టైము పడుతుంది గాని చదవలేనిది లేదు. కిటికీ దగ్గర నిలబడి వేలు పెట్టి చదివింది.

"అత్తకి. ఇక్కడ చేపలు తగ్గిపోయాయి. శనివారం స్పెషల్ బండి, అందరూ వచ్చేస్తున్నారు. నువ్వు ఒక్క ముక్క రాస్తే వాళ్ళతోపాటు నేనూ వచ్చేస్తాను. హెక్టర్ ఫిబ్రవరిలో వస్తాడు. రాయకపోతే ఇక్కడి చర్చిలోనే పెళ్ళికి మా పేర్లు చదివించుకుంటాం. ఆ మాటే రాయనక్కర్లేదు, నాకు అర్థమయ్యేలా ఏదైనా రాయి. నీ మోకాళ్ళకి ఆ నూనె రాస్తున్నావా? బేతియా."

గ్రిజెల్ ఉత్తరం పట్టుకుని పొరుగింటికి పోయింది. ఎల్స్‌పెట్‌కి చదవడం రాదు. గ్రిజెల్ చదివి వినిపించింది.

"రా అని రాయి," అంది ఎల్స్‌పెట్. "రెండక్షరాలు కూడా లేవు."

"ఎందుకు రమ్మంటన్నానో దానికి తెలిసిపోతుందిగా."

"తెలియాలనే కదే దాని బాధ."

"దానికి తెలిస్తే నేను చెప్పినట్టే. పండగ ఇంకా ఏడు వారాలుంది. దాటించకముందే దాటిస్తానన్నట్టు. రైలు దిగి రేవు పక్కనుంచే నడిచి రావాలది. ఆ గట్టు మీద కెరటం ఎలా లేస్తుందో నీకు తెలీదా?"

ఎల్స్‌పెట్ ఇలాంటివి నమ్మనిదయితే కొట్టిపారేసేదే. ఆమె కూడా ఆ ఊళ్ళోనే పుట్టింది. తనూ చిన్నకొడుకు పేరు తలవకుండా రెండు పండగలు పళ్ళు బిగించి కాచుకుంది.

"అది నిజమేలే," అంది. "అయితే పక్కనుంచి రాయి. సముద్రానికి తెలీకుండా పిల్లకి తెలిసేలాగ."

గ్రిజెల్ ఆ మధ్యాహ్నమంతా కూర్చుని రాసింది. పీపా ముద్రల్లాంటి పెద్దపెద్ద అక్షరాలు. ఒక కాగితం చాల్లేదు.

"బేతీకి. నూనె రాస్తున్నాను. పిల్లి బాగుంది. గాలి మూడు రోజులు ఉత్తరంనుంచి కొట్టి తగ్గింది. ఎల్స్‌పెట్ పన్ను ఊడింది. బార్బరా ఇంట్లో రోజూ పొయ్యి వెలుగుతోంది. పొగ బాగా పోతోంది. గోడలు ఆరాయి. కిటికీకి అద్దం వేయిస్తారు. దుంపలు మూట వచ్చింది, చాలా ఉన్నాయి, ఒక్కదాన్నే తినలేను. మెడకి గుడ్డ చుట్టుకో. గ్రిజెల్ ఫ్లెట్."

'ఒక్కదాన్నే తినలేను' అన్నచోట ఆమె చెయ్యి కాసేపు ఆగింది. అది మరీ ఎక్కువ చెప్పినట్టేమో అనిపించింది. కొట్టెయ్యబోయి, దుంపల గురించే కదా అని వదిలేసింది. పోస్టులో వేసి వచ్చాక రెండు రోజులు రేవు వైపు పోలేదు, చెప్పకూడనిది చెప్పేశానేమోనని.

స్పెషల్ బండి సోమవారం మధ్యాహ్నానికి చేరింది. గ్రిజెల్ స్టేషనుకి పోలేదు. స్కార్‌నెస్‌లో ఎవరూ స్టేషనుకి ఎదురు పోరు. ఇంటి దగ్గరే ఉండి టీకి నీళ్ళు పెట్టాలి. నీళ్ళు పెట్టింది. రెండు కప్పులు బల్ల మీద పెట్టింది. వీధి మొగలో పాటలు వినిపించాయి, నవ్వులు వినిపించాయి. ఒక్కో తలుపు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. బేతియాతో కలిసి చేపలు కోసిన ఇద్దరమ్మాయిల్లో పెద్దది ఐసా తలుపు దగ్గరకి వచ్చి నిలబడింది. చేతులు ఇంకా వాచే ఉన్నాయి.

"రాలేదత్తా," అంది.

"రైలు తప్పిందా?"

"లేదు. స్టేషను దాకా వచ్చింది మమ్మల్ని ఎక్కించడానికి. నీకివ్వమని ఇది ఇచ్చింది." యార్మత్ బొమ్మ వేసిన ఒక కప్పు. మగాళ్ళు, ఆడాళ్ళు అందరూ ఇంటికి తెచ్చుకునే రకం.

"నా ఉత్తరం అందిందా దానికి?"

"అందింది. షెడ్డులోనే చదువుకుంది. మళ్ళీ చదువుకుంది." ఐసా కాళ్ళు మార్చి నిలబడింది. "ఏటి రాసిందే అని అడిగాం. పిల్లి బాగుందట అంది."

గ్రిజెల్ కప్పు తీసుకుని మంచిదమ్మా అంది. ఐసా టీ తాగకుండానే వెళ్ళిపోయింది, వాళ్ళమ్మ కాచుకుని ఉంటుందని.

ఆ తరవాతి ఆరు వారాలూ గ్రిజెల్ బార్బరా ఇంట్లో పొయ్యి ఆర్పలేదు. అద్దం కూడా వేయించింది. పండగ పొద్దున దాటించేస్తే ఇక అడ్డేముంది, అప్పుడు ఏది రాసినా రాయవచ్చు, పెళ్ళి అక్కడయితే ఏం, కాపురానికి ఇక్కడికే వస్తారు. రోజూ అదే అనుకునేది. జనవరి ఒకటిన పై ఊళ్ళలో గంటలు మోగితే చెవులు మూసుకుంది. అది వాళ్ళ ఏడు, తనది కాదు.

పన్నెండో తారీఖు గురువారం వచ్చింది. మంచు పడి ఆగింది. తెల్లారగానే తలుపు బార్లా తీసింది. గడపకి ఎవరూ రాలేదు. పోయినసారి ఇద్దరు వచ్చారు, ఈసారి వాళ్ళూ ఆశ వదులుకున్నారు. గ్రిజెల్ ఏప్రన్ సర్దుకుని, వీధిలోకి వచ్చి, తనే ఇంటింటికీ పోయి తలుపు తట్టింది. స్కార్‌నెస్‌లో అలా పిలుచుకున్నవాళ్ళు లేరు. ఎల్స్‌పెట్ జుట్టు కూడా ముడుచుకోకుండా పరిగెత్తుకొచ్చింది. ఐసా వచ్చింది, వాళ్ళమ్మ వచ్చింది, ముసలాళ్ళు వచ్చారు, చివరికి ఇరవై మంది దాకా మంచులో నిలబడ్డారు.

గ్రిజెల్ పొయ్యి ముందు నిలబడింది.

"ఆండ్రా," అంది. "నా కొడుకు ఆండ్రా. లాంగ్‌సైన్."

"లాంగ్‌సైన్," అన్నారు బయట.

ఎల్స్‌పెట్ లోపలికి వచ్చి, ఎవరూ కూర్చోని ఆ కుర్చీలో తను ముందు కూర్చుంది. ఎవరో ఒకరు కూర్చోవాలి. రొట్టెలు పంచారు. ఒక ముసలాయన ఆండ్రా చిన్నప్పుడు తన పడవలో నిద్రపోయి చేపల కింద దొరికిన కథ చెప్పాడు. ఆ ఇంట్లో ఆ కథ ఎవరైనా చెప్పగలిగిన మొదటిరోజు అది. అందరూ నవ్వారు, గ్రిజెల్ కూడా నవ్వింది. మధ్యాహ్నానికల్లా అందరూ వెళ్ళిపోయారు. అప్పుడు బల్ల దగ్గర కూర్చుని ఆమె పెద్ద అక్షరాలతో రాసింది. "దాటించాను. ఇల్లు సిద్ధంగా ఉంది. ఇద్దరూ రండి." ఆ సాయంత్రపు టపాలోనే వేసింది.

జవాబు ఫిబ్రవరిలో వచ్చింది, యార్మత్ పక్క రేవు లోస్టాఫ్ట్ ముద్రతో.

"అత్తకి. నీ ఉత్తరం యార్మత్ తిరిగి ఇక్కడికి వచ్చింది. క్రిస్మస్ ముందు రోజు మా పెళ్ళయింది. హెక్టర్‌కి ఇక్కడ ఏడాది పొడుగునా పని దొరికింది, ఒప్పుకున్నాడు, ఇక మాట తిరగెయ్యలేడు. నవంబరులో నువ్వు రాసినదాన్ని నేను చాలాసార్లు చదివాను. హెక్టర్ చేత కూడా చదివించాను, నాకు కనపడనిది ఆయనకి కనపడుతుందేమోనని. బార్బరా ఇంట్లో పొయ్యి వెలుగుతోందన్నావు, ఎవరు దిగారో రాయలేదు. ఇక ఆ ఇల్లు కూడా లేదనుకున్నాం. ఆండ్రా పేరు నేనూ ఇక్కడ ఒక్కదాన్నే నిలబడి చెప్పాను, నీ పాత పండగ పొద్దునే. నాకు ఎవరూ తిరిగి చెప్పలేదు. వేసవిలో వస్తాను. బేతియా."

గ్రిజెల్ ఉత్తరం మడిచి బైబిల్లో పెట్టింది. బార్బరా ఇంటికి పోయి, పొయ్యిలో నిప్పు దానంతట అది చల్లారేదాకా కూర్చుని, తాళం వేసి, తాళంచెవి తిరిగి ఇచ్చేసింది.

ఆండ్రా గొంతు పోలేదు. ఆమె అంత భయపడ్డదీ దానికే. పొద్దున్నే తలుపు తీస్తే, "గాలి ఎటుందమ్మా?" అని అలాగే వినిపించేది. వినిపించిందని చెప్పుకోవడానికే ఇంట్లో రెండో మనిషి లేదు.

వేసవిలో లోస్టాఫ్ట్‌నుంచి ఒక కార్డు వచ్చింది, కడుపుతో ఉన్నాను, రైలు ప్రయాణం వద్దన్నారు అని. మరుసటి వేసవిలో బిడ్డకి జబ్బు చేసింది. ఆ తరవాత హెక్టర్‌కి పని తీరిక లేదు. ఆ తరవాత యుద్ధం వచ్చింది.

ఆండ్రా ఫ్లెట్ 1905 ఫిబ్రవరి తొమ్మిదిన వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. బేతియా 1910 అక్టోబరు అయిదు, బుధవారం, పొద్దున ఎనిమిది గంటల పది నిమిషాల బండిలో వెళ్ళింది. ఆమె కూడా తిరిగి రాలేదు.